నీటి అంచు చూసుకుంటే పిట్టే వస్తుంది

ఒడ్డు పిట్టల ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలి మొదలయ్యిందంటే చెరువు పిట్టల గురించి ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చిన వాటిలో ఒడ్డు పిట్టలవే ఏరి ఒకచోట పెట్టాం. ఒడ్డు పిట్టలంటే ఇక్కడ బాతులు, కొంగలు కాదు. బురద మీదా, తడి ఇసుక మీదా నడుస్తూ ముక్కుతో పొడిచి పురుగులు ఏరుకునే ఉల్లంకులు, తీతువులు, ప్లోవర్లు, స్టింట్ల వంటివి. చాలావాటికి విడివిడిగా తెలుగు పేర్లు వాడుకలో లేవు. అందుకే పక్షుల పుస్తకాల్లో కనిపించే పేర్లే తెలుగు లిపిలో రాశాం.

సముద్రం చూడాలంటే మాకు రాత్రంతా రైలు ప్రయాణం. వరంగల్ చుట్టుపక్కల ఒడ్డు పిట్టలు దొరుకుతాయా? పోయినసారి వానలు తగ్గగానే చెరువుకు పోతే కొంగలు తప్ప ఏమీ లేవు.
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

దొరుకుతాయి. మీరు పోయిన వేళ తప్పింది. చెరువు మత్తడి దుంకుతున్నన్ని రోజులు అక్కడ ఒడ్డు పిట్టకు పనిలేదు, ఎందుకంటే దానికి కావలసిన బురద అంతా నీళ్ల కింద ఉంటుంది. లిటిల్ స్టింట్ కాలు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. నీళ్లు అంతకు మించితే అది నిలబడి మేయలేదు. తూము తెరిచి యాసంగికి నీళ్లు వదలడం మొదలయ్యాక, శిఖం (చెరువు లోపలి నేల) వైపు రోజుకు కొంత నేల బయటపడుతుంది. ఆ కొత్త బురద ఎండిపోయేలోపు పిట్టలు దాని మీద వాలతాయి. కాబట్టి కట్ట మీద నిలబడి చూడడం మాని, చుట్టూ తిరిగి శిఖం వైపు వెళ్లండి. గుట్టల మధ్య లోతుగా నిలిచే లక్నవరం లాంటి చెరువుల కంటే, పళ్లెంలా పరుచుకున్న ఊరి చెరువులే ఈ పనికి నయం.

ఒడ్డును కాసేపు చూస్తే పిట్టలు దాన్ని వరసలుగా పంచుకున్నట్టు కనిపిస్తుంది. ఆరుతున్న నేల మీద లిటిల్ రింగ్డ్ ప్లోవర్, మెరిసే తడి బురదలో స్టింట్లు, మడమలోతు నీళ్లలో వుడ్ శాండ్‌పైపర్, ఇంకాస్త లోపల మార్ష్ శాండ్‌పైపర్, గ్రీన్‌షాంక్, అన్నిటికంటే లోపల గులాబీ కాళ్ల బ్లాక్‌-వింగ్డ్ స్టిల్ట్. మీకు ఏ పిట్ట కావాలో ముందే అనుకుంటే, ఆ వరసకు ఎదురుగా కూర్చోవచ్చు.

డిసెంబరు చివర నుంచి నాట్ల పొలాలు కూడా మంచి చోటు. కేజీవీల్స్ ట్రాక్టర్ కరిగెట చేసి పోయిన మడిలో ముందు కొంగలు దిగుతాయి, అవి సర్దుకున్నాక వుడ్ శాండ్‌పైపర్లు వస్తాయి. రోడ్డు పక్క మడి అయితే కారు దిగకండి. ఇంజను ఆపి (నడుస్తుంటే లెన్సు వణుకుతుంది), అద్దం సగం దించి, దాని మీద వడ్ల సంచి వేసి లెన్సు ఆనించండి. మనిషి కనబడితే లేచిపోయే పిట్ట, ఆగి ఉన్న బండిని పట్టించుకోదు. పొలంలోకి దిగాలంటే మాత్రం రైతును అడిగాకే దిగాలి, నారుమడి వైపు అసలే పోవద్దు.

పెద్ద నీళ్లు కావాలంటే కరీంనగర్ దగ్గర దిగువ మానేరు, నిజామాబాద్–నిర్మల్ జిల్లాల మధ్య శ్రీరాంసాగర్ వెనుక జలాలు. నీటి మట్టం తగ్గేకొద్దీ అక్కడ గడ్డి నేలా, బురదా విస్తారంగా బయటపడతాయి. వలస పిట్టలు ఆగస్టు–సెప్టెంబరుల్లో రావడం మొదలై, ఏప్రిల్–మే నాటికి వెళ్లిపోతాయి. మధ్యలో మీకు పనికొచ్చేది నీళ్లు తగ్గే వారమే. తూము ఎప్పుడు తెరుస్తారో చెరువు మీద చేపలు పట్టేవాళ్లకు తెలుస్తుంది, వాళ్లనే అడగండి.

నా దగ్గర 70–300 లెన్సు ఉంది. పిట్ట ఫొటోలో చుక్కలా వస్తోంది. 600 కొనక తప్పదా?
— ఉపాధ్యాయురాలు, పరకాల

కొనేముందు ఒక చిన్న లెక్క చేయండి. పిట్ట పొడవును లెన్సు మిల్లీమీటర్లతో గుణించి, దూరంతో భాగిస్తే (అన్నీ మి.మీ.లలో) సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద పిట్ట ఎంత పొడవు పడుతుందో వస్తుంది. లిటిల్ స్టింట్ పొడవు దాదాపు 130 మి.మీ. మీ 300 లెన్సుతో 20 మీటర్ల నుంచి తీస్తే సెన్సార్ మీద 2 మి.మీ. కూడా పడదు. సాధారణ క్రాప్ సెన్సార్ వెడల్పు 23.5 మి.మీ., అంటే ఫొటోలో పన్నెండో వంతు. చుక్కే మరి! అదే స్టింట్ 8 మీటర్లకు వస్తే 5 మి.మీ., అయిదో వంతు. ఆ ఫొటోను కత్తిరించి వాడుకోవచ్చు.

600 లెన్సు ఉన్నా 20 మీటర్ల దూరంలో స్టింట్ ఆరో వంతే. లెన్సు రెట్టింపైతే పిట్ట రెట్టింపవుతుంది, దూరం సగమైనా అంతే అవుతుంది. రెండోది ఖర్చు లేని పని. ఇప్పటికి పెద్ద పిట్టలతో మొదలుపెట్టండి. స్టిల్ట్ 38 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, 25 మీటర్ల నుంచి మీ లెన్సుతోనే అయిదో వంతు వస్తుంది. తీతువు కూడా దాదాపు అంతే. 70–300కు టెలీకన్వర్టర్ (పిట్టను పెద్దది చేసి చూపే అదనపు అద్దం) తగిలించే ఆలోచన ఉంటే మానుకోండి. వెలుతురు తగ్గి ఫోకస్ వెతుకులాటలో పడుతుంది, పదును కూడా పోతుంది.

ఫోకస్ చుక్క పిట్ట కంటి మీదే ఉంది, షట్టర్ స్పీడ్ 1/2000 పెట్టాను. అయినా ఒక్క ఫొటో పదునుగా లేదు. లెన్సు పాడైందా?
— దుకాణదారు, జమ్మికుంట

మీరు పంపిన ఫొటోలన్నీ పొద్దున పదిన్నర, పదకొండు మధ్య తీసినవి. దోషం మీ లెన్సుది కాదు, గాలిది. ఎండకు బురద వేడెక్కి, పైన గాలి పొరలు పొరలుగా కదులుతుంది. వేడి గాలి, చల్ల గాలి వెలుతురును వేర్వేరుగా వంచుతాయి. ఎండాకాలం తారు రోడ్డు మీద దూరంగా నీళ్లలా మెరిసేది ఇదే. నేలకు దగ్గరగా, పొడవైన లెన్సుతో, దూరంగా ఉన్న పిట్టను తీస్తున్నప్పుడు ఆ కదిలే గాలి అంతా మీకూ పిట్టకూ మధ్యే ఉంటుంది. ఎంత ఖరీదైన లెన్సైనా దాని ముందు ఒకటే.

అయితే తప్పు దేనిదో తేల్చుకోవడం సులువే. కదలకుండా నిలబడ్డ పిట్టను వరసగా పది ఫ్రేములు తీసి, కంప్యూటర్‌లో పెద్దవి చేసి పక్కపక్కన పెట్టండి. ఒక్కో ఫ్రేములో కాలి గీత ఒక్కో రకంగా వంకర్లు పోయి, ఒకటి కాస్త నయంగా, ఒకటి మరీ అధ్వానంగా ఉంటే అది వేడి గాలి. అన్నిట్లోనూ మచ్చలు ఒకే దిక్కుకు సాగి ఉంటే చెయ్యి కదిలింది. పిట్ట మసకగా ఉండి, దాని ముందరి బురదో వెనకాల గడ్డో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. మూడు రోగాలకూ మందులు వేరు కాబట్టి ముందు ఈ పరీక్ష చేసి తీరాలి.

వేడి గాలికి మందు దగ్గరగా తీయడం, పెందలాడే తీయడం. డిసెంబరు, జనవరిలో తొమ్మిది గంటల దాకా పని జరుగుతుంది, ఏప్రిల్‌లో ఏడున్నరకే సర్దుకోవాలి. మబ్బు పట్టిన రోజు మధ్యాహ్నం కూడా బాగుంటుంది. పొడి నేల మీదుగా తీసేకంటే నీటి మీదుగా తీస్తే కొంత నయం. ఎండకు ఉన్న కారు లోపలి నుంచి తీస్తే, చల్లటి పొద్దున కూడా కిటికీ దగ్గర ఇదే గొడవ వస్తుంది. అద్దాలన్నీ దించి లోపలి వేడి పోయేదాకా ఆగండి.

ఇంకా అనుమానం తీరకపోతే, పొద్దున్నే నీడలో గోడకు వార్తాపత్రిక అంటించి 10 మీటర్ల నుంచి తీయండి. అక్షరాలు పదునుగా వస్తే లెన్సు మంచిదే. అన్నట్టు, ముందు తగిలించిన చవక రకం ఫిల్టర్ ఉంటే తీసేయండి. పొడవైన లెన్సుల పదును దాని వల్ల కూడా పోతుంది.

పిట్ట కంటి ఎత్తులో తీయాలంటారు. ట్రైపాడ్ ఎంత కిందికి దించినా మోకాలి ఎత్తు దగ్గర ఆగుతోంది. ఖర్చు లేని ఉపాయం చెప్పండి.
— సింగరేణి ఉద్యోగి, బెల్లంపల్లి

వంటింట్లో మూలన పడ్డ పెనం ఒకటి చాలు. 24–26 సెంటీమీటర్ల వెడల్పు, అంచు పైకి లేచి ఉన్న పాత నాన్‌స్టిక్ పెనం తీసుకుని హ్యాండిల్ ఊడదీయండి. సరిగ్గా మధ్యలో రంధ్రం చేయించి, కింది నుంచి బోల్టు ఎక్కించి, పైన ట్రైపాడ్ బాల్ హెడ్ బిగించండి. అంచు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి బురద మీద, ఇసుక మీద తోస్తే పడవలా జారుతుంది.

ఎక్కువమంది తప్పేది బోల్టు దగ్గర. ట్రైపాడ్ హెడ్ అడుగున ఉండే మర 3/8 అంగుళాలది. హార్డ్‌వేర్ షాపులో ‘మూడు సూతుల బోల్టు’ అని అడగండి. 10 ఎంఎం బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మర కలవదు. బలవంతంగా తిప్పితే హెడ్ లోపలి మర అరిగి బోల్టు కంటే వంద రెట్లు ఖరీదైన వస్తువు పాడవుతుంది. హెడ్‌ను వెంట తీసుకుపోయి, చేతి వేళ్లతో తిప్పినప్పుడు నాలుగైదు చుట్లు హాయిగా ఎక్కితేనే కొనండి. కొన్ని చిన్న హెడ్‌లకు 1/4 అంగుళం మర ఉంటుంది, దానికి రెండు సూతులది కావాలి. పొడవు కూడా ముఖ్యమే. పెనం, వాషర్లు పోను పైకి 8 నుంచి 10 మి.మీ. బోల్టు కనబడితే చాలు. ఎక్కువైతే హెడ్ లోపల అడుగుకు తగిలి, బిగిసినట్టే ఉంటుంది కానీ పెనం మీద హెడ్ గిరగిరా తిరుగుతుంది. అప్పుడు ఇంకో వాషర్ వేయండి. పెనానికి రెండు వైపులా వెడల్పు వాషర్లు వేయకపోతే పలుచటి అల్యూమినియం కొన్నాళ్లకు నొక్కుకుపోతుంది.

లెన్సు ఇప్పుడు జానెడు ఎత్తులో ఉంటుంది. పడుకోవడానికి రెండు ఖాళీ యూరియా సంచులు కోసి, విప్పి, కలిపి కుట్టిన పట్టా సరిపోతుంది, పైకి తడి రాదు. వాడేముందు బాగా కడగండి. తెరను పైకి తిప్పుకునే కెమెరా అయితే మెడ నొప్పి ఉండదు. లేకపోతే పావుగంటకోసారి మెడకు విశ్రాంతి ఇవ్వక తప్పదు.

ఇక పాకడం. పిట్టలు తల వంచి మేస్తున్నప్పుడే కదలండి. ఒక్కటి మెడ నిక్కించినా అక్కడే ఆగిపోండి. రెండు మూడు మీటర్లు జరిగి అయిదు నిమిషాలు ఆగడం, మళ్లీ జరగడం. నేరుగా వాటి మీదికి పోకుండా ఏటవాలుగా, దాటిపోతున్నట్టు వెళ్లండి. అన్నిటికంటే మేలైన పద్ధతి అసలు పాకకపోవడం. పిట్టలు మేస్తూ ఒడ్డు వెంట ఒక దిక్కుకు సాగుతుంటాయి. వాటికి ముప్పై నలభై మీటర్ల ముందు, సూర్యుడు వీపు వెనక ఉండేలా పడుకుని అరగంట కదలకుండా ఉంటే మిమ్మల్ని మట్టిగడ్డ కింద జమకట్టి అవే దగ్గరికొస్తాయి. శిఖంలో మేసే బర్రెల మంద ఉంటే మీ అదృష్టం. వాటి కాళ్ల మధ్య తిరగడం పిట్టలకు అలవాటే కాబట్టి, కాపరితో మాట్లాడి మంద పక్కన కూర్చుంటే సగం పని అయినట్టే.

సెట్టింగులు టూకీగా చెప్పండి. స్టిల్ట్ తెల్ల పొట్ట ఎప్పుడూ సున్నం కొట్టినట్టు వస్తోంది.
— రైల్వే ఉద్యోగి, కాజీపేట

మాన్యువల్ మోడ్‌లో పెట్టి, ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) మాత్రం ఆటోలో, పైహద్దు 3200 దగ్గర ఉంచండి. నిలబడ్డ పిట్టకు 1/800, మేసే స్టింట్‌కు 1/1600 (దాని ముక్కు కుట్టుమిషను సూదిలా ఆడుతుంది), ఎగిరేదానికి 1/2500 కంటే తక్కువ వద్దు. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 6.3 నుంచి 8. ఇంకా తెరవగల లెన్సు ఉన్నా తెరవాలని ఆశపడకండి. 600 లెన్సుతో 10 మీటర్ల దూరంలో ఎఫ్ 6.3 దగ్గర పదునుగా ఉండే లోతు 7 సెంటీమీటర్లే. పిట్ట పక్కకు తిరిగి ఉంటే ఫర్వాలేదు గానీ, ఎదురుగా చూస్తుంటే కన్ను పదునుగా ఉండి తోక పోతుంది. ఏదో ఒకటే దక్కేటప్పుడు కన్ను వైపే ఉండండి.

తెల్ల పొట్ట సంగతి: ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి బురద కాబట్టి కెమెరా అంతా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. అదే పిట్ట మెరిసే నీళ్ల ముందుకొస్తే లెక్క తలకిందులై పిట్ట నల్లబడుతుంది, ప్లస్ 0.7 కావాలి. రా ఫైలులో (కెమెరా కుదించని ముడి ఫైలు) తీస్తే నీడలను తర్వాత లేపుకోవచ్చు, కాలిపోయిన తెలుపును ఎవరూ తిరిగి తేలేరు.

సంక్రాంతి సెలవులకు మూడు రోజులు సముద్ర తీరానికి పోదామనుకుంటున్నాం. ఎక్కడికి, ఏ వేళకు పోవాలి?
— ముగ్గురు మిత్రులు, కరీంనగర్

ఎక్కడికన్నది తేలికే. బాపట్ల దగ్గర సూర్యలంక అయితే ఇసుక తీరం, ఊరికి పది కిలోమీటర్ల లోపు. అలల అంచున పరుగులు తీసే శాండర్లింగ్, శాండ్ ప్లోవర్ల కోసం. బురద మేటలు, మడ అడవి కావాలంటే కాకినాడ దగ్గర కోరింగ. కర్ల్యూ, వింబ్రెల్, గాడ్‌విట్, టెరెక్ శాండ్‌పైపర్ వంటివన్నీ ఆ బురదకే వస్తాయి. కోరింగ అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతితోనే లోపలికి వెళ్లాలి, డ్రోన్ ఊసే వద్దు. కాకినాడకు కాజీపేట, వరంగల్ మీదుగా పోయే రైళ్లు ఉన్నాయి, సామర్లకోటలో దిగినా చాలు. మూడు రోజులకు రెండు చోట్లూ పెట్టుకోకండి. ఒక్క చోటే మూడు పోట్లు చూస్తే ఎక్కువ దక్కుతుంది.

తలనొప్పంతా వేళతోనే. మన చెరువులో నీటి అంచు వారానికి కదిలేంత దూరం అక్కడ గంటలో కదులుతుంది. తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు, అంటే ఇవాళ ఏడింటికి వచ్చిన పోటు రేపు ఏడూ యాభైకి వస్తుంది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు నీళ్లు బాగా ఎత్తుకు వస్తాయి, అష్టమి నాటికి మందగిస్తాయి. తొలి అంచనాకు గోడ మీది క్యాలెండర్ చాలు. కచ్చితమైన వేళలకు సర్వే ఆఫ్ ఇండియా పోటుపాట్ల పట్టికలున్నాయి. సముద్రం ఎలా ఉందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ రోజూ చెబుతుంది, అల ఎక్కువని హెచ్చరిక ఉన్న రోజు పడవ ఎక్కకండి.

పాటు వేళ పిట్టలన్నీ కిలోమీటర్ల బురద మీద చెల్లాచెదురుగా ఉంటాయి. ఎంత పాకినా అందవు. నీళ్లు ఎక్కుతున్నకొద్దీ బురద సన్నగిల్లి అవి గుంపులై ఒడ్డుకు నెట్టుకొస్తాయి. అందుకని పోటు నిండడానికి రెండున్నర, మూడు గంటల ముందే, నీళ్లు చివరికి చేరే గీతకు కాస్త పైన మీ పట్టా పరిచి పడుకోండి. ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు గీతగా పడి ఉంటాయి చూడండి, కిందటి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట.

వెలుతురు కూడా కలవాలి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. కాబట్టి పొద్దున ఇసుక తీరాన నిలబడి అలల వైపు తీస్తే పిట్ట నల్ల బొమ్మ అవుతుంది. కొందరికి అదే ఇష్టం. ఈకల గీతలు కనబడాలంటే సాయంత్రం తీయండి, వెలుతురు మీ వీపు మీంచి పడుతుంది. అంటే పోటు అయిదున్నర ప్రాంతంలో నిండే రోజులు మీకు మేలు. సంక్రాంతికి అది కుదరకపోతే సెలవు పెట్టి వేరే వారం పోవడమే మంచిదని మా అభిప్రాయం. పోటు వారానికి దాదాపు ఆరు గంటలు జరుగుతుంది, ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకు ఉంటే వచ్చే వారం సాయంత్రం ఆరుకు.

నిండు పోటులో పిట్టలు మేత మాని ఒంటి కాలి మీద, ముక్కు వీపులో దాచుకుని గుంపుగా నిద్రపోతాయి. అప్పుడు వాటిని లేపకండి. ఎగిరే గుంపు ఫొటో కోసం పరుగెత్తి లేపే వాళ్లుంటారు, మీరు ఆ జట్టులో చేరవద్దు. మళ్లీ బురద తేలేదాకా వాటికి తిండి లేదు, ఉన్న శక్తి దాచుకోవాలి.

పడవలో ట్రైపాడ్ పనికిరాదు, ఇంజను వణుకంతా లెన్సుకే ఎక్కుతుంది. చేత్తో పట్టుకుని, ఇంజను ఆపించి, 1/2000 దగ్గర తీయండి. బురదలోకి దిగేముందు కర్రతో పొడిచి చూడండి, మోకాలు దాటి దిగబడితే వెనక్కి. నీళ్లు ఎక్కేటప్పుడు ముందు మీ వెనకున్న కాలువలు నిండి దారి తెగుతుంది. ఊరి జాలరి ఒకరు వెంట ఉండాల్సిందే.

తీతువు పెట్టిన గుడ్లు మా ఊరి చెలకలో కనబడ్డాయి. దగ్గర్నుంచి తీయవచ్చా?
— ఇంటర్ విద్యార్థిని, నిర్మల్ జిల్లా

వద్దమ్మా. తీతువు గూడు కట్టదు, నేల మీదే గుంట చేసి సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. ఎండ పెరిగే రోజుల్లో తల్లి పొదిగేది వెచ్చదనం కోసమే కాదు, నీడ కోసం కూడా. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరచడమూ చూస్తాం. నువ్వు అక్కడ కూర్చున్నంతసేపు అది గుడ్ల మీదికి రాదు, ఏప్రిల్ ఎండలో పావుగంట చాలు గుడ్డు లోపల పిల్ల పోవడానికి. పైగా తల్లి ఎక్కడి నుంచి లేచిందో కాకి చూస్తూనే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడమూ ఉంది.

ఫిబ్రవరి నుంచి వానల దాకా గోదావరి ఇసుక మేటల మీద నడిచేటప్పుడు అందరికీ ఇదే మాట. లిటిల్ రింగ్డ్ ప్లోవర్, రివర్ టెర్న్, స్మాల్ ప్రాటింకోల్ గుడ్లు ఇసుక రంగులో కలిసిపోయి కాలి కింద పడేదాకా కనబడవు. ఒక పిట్ట రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు నడిచినా, తల మీద తిరుగుతూ అరిచినా గూడు దగ్గర్లోనే ఉందని అర్థం. ఆ ముచ్చట ఫొటో తీయడానికి ఆగకండి, వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి నడవండి.

ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా మట్టి రంగు పిట్టలు. పేరు పెట్టడానికి వీలుగా ఫొటో ఎలా తీయాలి?
— పంచాయతీ కార్యదర్శి, మహబూబాబాద్ జిల్లా

అందమైన ఫొటో వేరు, పేరు తేల్చే ఫొటో వేరు. రెండోదానికి పిట్ట పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు ముక్కు కొస నుంచి తోక కొస దాకా ఒకటి, నీళ్లలోంచి బయటికొచ్చినప్పుడు కాళ్లు కనబడేలా ఒకటి, రెక్క చాచినప్పుడో ఎగిరినప్పుడో వీపు, నడుము కనబడేలా ఒకటి తీయండి. మూడోది మసకగా ఉన్నా పారేయొద్దు, చాలాసార్లు అదే తేలుస్తుంది.

మన చెరువుల్లో తికమక పెట్టేవి కొన్నే. స్టింట్‌కు నల్ల కాళ్లయితే లిటిల్, పసుపు–ఆకుపచ్చ కాళ్లయితే టెమ్మింక్స్. కాళ్లకు బురద అంటితే ఏ రంగైనా నల్లగానే కనిపిస్తుంది, తొందరపడకండి. వుడ్ శాండ్‌పైపర్‌కు వీపు మీద చుక్కలు, కంటి వెనక దాకా సాగే తెల్ల కనుబొమ్మ. గ్రీన్ శాండ్‌పైపర్ వీపు ముదురుగా, తెల్ల గీత కంటికి ముందే ఆగిపోయి, ఎగిరితే నల్లటి రెక్కల మధ్య తెల్లటి నడుము. తోక ఊపుతూ ఒంటరిగా రాళ్ల మీద తిరిగేది, భుజం ముందు తెల్లటి కొక్కెం ఉన్నది కామన్ శాండ్‌పైపర్. ముక్కు సూదిలా సన్నగా ఉంటే మార్ష్ శాండ్‌పైపర్, కాస్త లావుగా, కొస పైకి తిరిగితే గ్రీన్‌షాంక్. కంటి చుట్టూ పసుపు వలయం ఉంటే లిటిల్ రింగ్డ్ ప్లోవర్. వలయం లేక, ఎద మీది పట్టీ మధ్యలో తెగి ఉంటే కెంటిష్.

ఫొటో తీసిన తేదీ, చెరువు పేరు రాసి పెట్టుకోండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో పాల్గొనేటప్పుడు అవి అక్కరకొస్తాయి.

మొబైల్‌తో తీయవచ్చా?
— జగిత్యాల

8×42 బైనాక్యులర్ ఒక కంటికి ఫోన్ మెయిన్ కెమెరాను ఆనించి, బైనాక్యులర్‌ను గట్టి ఆధారం మీద పెడితే తీతువు, స్టిల్ట్ గుర్తుపట్టేంత వస్తాయి. డిజిటల్ జూమ్ వాడకండి. స్టింట్ మీద ఆశ పెట్టుకోకండి.

కాకినాడ నుంచి వచ్చిన నెలకు ట్రైపాడ్ కాళ్లు బిగుసుకుపోయాయి, లెన్సు లోపల సాలెగూడు లాంటి మచ్చ కనబడుతోంది.
— భూపాలపల్లి

రెండూ వేర్వేరు జబ్బులు. కాళ్లలో ఇసుక, ఉప్పు చేరాయి. మరలు పూర్తిగా విప్పి, మంచినీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, నీడలో ఒక రోజంతా ఆరబెట్టి, మర మీద కొద్దిగా గ్రీజు రాసి బిగించండి. నూనె రాయకండి, ఇసుక ఇంకా అంటుకుంటుంది. ఈసారి నీళ్లలో నిలబెట్టాల్సి వస్తే అన్నిటికంటే కింది కాలును ముందు పూర్తిగా లాగండి. అప్పుడు బిగించే మర నీళ్లకూ ఇసుకకూ పైన ఉంటుంది. అందరూ లావు కాలు ముందు లాగుతారు, దాంతో కింది మరలు రెండూ బురదలోనే ఉంటాయి.

లెన్సు లోపలిది బూజు. మీరు విప్పకండి, బాగుచేసేవాళ్లకు త్వరగా ఇవ్వండి. ఆలస్యమైతే అద్దం మీది పూతను తినేస్తుంది. తడి గాలిలో తిరిగి వచ్చిన లెన్సును తోలు సంచిలో మూసి బీరువాలో పెట్టడమే దీనికి కారణం. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ పెట్టుకుని తేమ 40–50 శాతం మధ్య ఉంచండి. నీలం గింజల జెల్ గులాబీ రంగుకు తిరిగితే సన్న సెగ మీద వేడిచేసి మళ్లీ వాడొచ్చు. ఆ గిన్నె మళ్లీ వంటకు వద్దు.

తీరంలో ఉన్నప్పుడు లెన్సు మార్చకండి. సాయంత్రం గదికి రాగానే ముందు గాలి బల్బుతో ఇసుక ఊది, తర్వాతే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమెరా బయటంతా తుడవండి. ఇసుక ఉండగా తుడిస్తే గీతలే మిగులుతాయి. ఏసీ గదిలోంచి తెల్లవారే నేరుగా తీరానికి తెస్తే లెన్సు మీద మంచు పట్టి అరగంట పనికిరాదు. సంచి జిప్ తీయకుండా ముందే వరండాలో పెట్టి, మీరు టీ తాగి వచ్చేసరికి అది బయటి వేడికి సర్దుకుంటుంది.